మినిమం కడుతున్నా కార్డు బాకీ తరగదేం?

గరివిడి నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: క్రెడిట్ కార్డు బాకీ 60,000 ఉంది. నెలనెలా మినిమం కడుతున్నా తరగడం లేదు, ఏం చేయాలి?

నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే 60,000 మీద 2,100 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 378. మినిమం 5 శాతమైతే కట్టేది 3,000. అంటే అసలులో తగ్గేది 522 రూపాయలే! పాత బాకీ ఉండగా కొత్తగా ఏది కొన్నా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. అందుకే ముందు ఆ కార్డు వాడటం ఆపాలి.

తర్వాత బాకీని తక్కువ వడ్డీ వాయిదాలుగా మార్చమని బ్యాంకును రాతపూర్వకంగా అడగాలి. ఇంట్లో బంగారం ఉంటే, దానిపై బ్యాంకు రుణం తెచ్చి కార్డు తీర్చేయడం ఎంతో చవక. కొంత కట్టి మిగతాది మాఫీ చేయించుకునే సెటిల్‌మెంట్ చివరి దారి. మీ రుణ చరిత్ర చూపే సిబిల్ నివేదికలో ఆ మచ్చ ఏళ్ల తరబడి ఉంటుంది.

30 శాతం మించి వడ్డీ తగదన్న జాతీయ వినియోగదారుల కమిషన్ 2008 తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది. కాబట్టి వడ్డీ ఎక్కువన్న వాదన ఒక్కటే నిలబడదు.

బెదిరింపులు మాత్రం భరించనక్కరలేదు. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత రికవరీ ఏజెంట్లు ఫోన్ చేయరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. బ్యాంకుకు ఫిర్యాదు చేసినా 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు, రుసుము లేదు. భయపడి ఫోన్ ఆపేయకండి. మాట్లాడిన ప్రతి మాటా రాసి పెట్టుకోండి.