ఆకలిని అణచే మొక్కల సారాలు: జంతు పరీక్షలను ఎలా అంచనా వేయాలి?

విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణిస్తూ 'కార్ అల్లం' అనే తెలుగు పేరును నమోదు చేశాడు. రాబర్ట్ బ్రౌన్ 1810లో ప్రతిపాదించిన కరల్లుమా ప్రజాతి నామానికి ఇదే మూలమని పలువురి అభిప్రాయం. మెట్ట ప్రాంతాల్లో పెరిగే ఈ మొక్కలోను, కలహారి ప్రాంతపు సాన్ ప్రజలు వేట సమయంలో నమిలే హూడియా గోర్డోనైలోను ప్రెగ్నేన్ గ్లైకోసైడ్లు ఉన్నాయి.

హూడియాలోని పి57 అనే పదార్థాన్ని ఎలుకల మెదడు కోష్ఠంలోకి ఎక్కించినప్పుడు 24 గంటల ఆహార వినియోగం 40–60 శాతం తగ్గినట్లు 2004లో వెల్లడైంది. అయితే 2011లో ప్రచురితమైన పరీక్షలో అధిక బరువు గల మహిళలు 15 రోజులు సారాన్ని సేవించినా ఆహారంలో గాని, బరువులో గాని గణనీయమైన తేడా కనిపించలేదు. పైగా వికారం, రక్తపోటు పెరుగుదల నమోదయ్యాయి. మెదడులోకి నేరుగా ఇచ్చిన మందు ఫలితాన్ని నోటి ద్వారా ఇచ్చిన సారానికి అన్వయించరాదని ఈ అనుభవం తెలుపుతుంది.

ఇటువంటి ప్రయోగాలను పరిశీలించేటప్పుడు ఈ అంశాలను గమనించాలి.

1. మొక్క గుర్తింపు: హెర్బేరియం నమూనా, సేకరించిన కాలం, నేల, వాడిన భాగం, ద్రావణి, సూచక రసాయన శాతం పేర్కొనాలి. ఇవి మారితే సారమూ మారుతుంది.

2. నియంత్రణ బృందాలు: సాధారణ ఆహార బృందం, సారం లేకుండా ద్రావకం మాత్రమే పొందే అధిక కొవ్వు ఆహార బృందం తప్పనిసరి. వీటితోపాటు సమాన మేపు బృందం ఉండాలి. సారం పొందిన ఎలుకలు ముందురోజు తిన్నంత ఆహారాన్నే ఈ బృందానికి ఇస్తారు. రెండింటిలోను బరువు సమానంగా తగ్గితే, ఆ తగ్గుదలకు తక్కువ తినడమే కారణం. సారం పొందినవి ఇంకా ఎక్కువ తగ్గితే వేరే ప్రభావం ఉందని భావించాలి.

3. తృప్తియా, అస్వస్థతా? ఎలుకలకు వాంతి కాదు. వికారం కలిగితే అవి కయోలిన్ మట్టిని తింటాయి. కనుక కయోలిన్ వినియోగాన్ని తూచాలి. లేనిచో విషప్రభావాన్నే ఆకలి నియంత్రణగా పొరబడతాం.

4. ప్రయోగ ప్రమాణం: ఒక పంజరంలో నాలుగు ఎలుకలుంటే ఆహార వినియోగానికి పంజరమే ప్రమాణం. మడిలోని ఒక్కొక్క మొక్కను పునరావృతిగా లెక్కించం కదా! ఒలికిన దాణాను కూడా తూచి తీసివేయాలి.

ఎలుకల బరువు తగ్గిందన్న వార్త విని, ఈ మొక్కను సాగు చేయవచ్చా అని రైతు అడిగితే, పై నాలుగు అంశాలతోపాటు మానవ పరీక్షల ఫలితం, ఖాయమైన కొనుగోలుదారు ఉన్నదీ లేనిదీ చూసిన తరువాతే విస్తరణ శాస్త్రవేత్త సమాధానం చెప్పాలి. ప్రయోగశాల తొందరపాటుకు రైతు పొలం మూల్యం చెల్లించకూడదు.