ఇంటిలోని ఏసీ నీరు కార్చుట: కారణములు, నివారణోపాయములు



గత ఫాల్గుణమాసమున తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు మమ్ము ఒక ప్రశ్న అడిగెను. "అయ్యా, ఏసీలో మనము నీరు పోయము గదా! మరి దాని గొట్టమునుండి రాత్రంతయు నీరెట్లు కారుచున్నది?" తెలుగు అయ్యవారిని అడుగవలసిన ప్రశ్నయా ఇది యని తోటివారు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్నకు సమాధానము తెలియకపోవుటచేతనే అంతకు ముందటి వేసవిలో మేము నష్టపడియుంటిమి.

మా యింటి పడకగదిలో గోడకు ఒకటిన్నర టన్నుల ఏసీ కలదు. దాని క్రింద పుస్తకముల అలమర యున్నది. ఒక రాత్రి ఏసీనుండి నీరు కారి అలమరలోనికి దిగినది. అనంతపురములో ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో మేము వ్రాసికొన్న పాఠముల పుస్తకములు తెల్లవారుసరికి తడిసి ముద్దయినవి. మా గురువులు ఎఱ్ఱసిరాతో చేసిన దిద్దుబాట్లు పుటలనిండ పాఱి మరకలుగా మారినవి. మెకానిక్కును పిలిపించితిమి. అతడు మూతయైనను తీయకయే "గ్యాసు తక్కువైనది" అనెను. మేము తల యూపితిమి. గ్యాసు నింపి, సొమ్ము పుచ్చుకొని పోయెను. పదిదినములు గడవకముందే మరల నీరు కారినది. ఈసారి వచ్చిన వృద్ధుడు నిచ్చెన యైనను అడుగలేదు. బాల్కనీలోనికి పోయి, నీటిగొట్టము చివరను చూచి, అందులో కందిరీగ పెట్టిన మట్టిగూటిని పుల్లతో తీసివేసెను. భళ్లున నీరు దుమికినది. అంతటితో జబ్బు కుదిరినది.

తడిసిన పుస్తకములు తిరిగి రావు. మొదటివాని మాటకు మేమెందుకు తల యూపితిమని తరువాత ఆలోచించితిమి. గ్యాసనగా నేమో, నీరనగా నేమో, ఆ రెంటికిని సంబంధమేమో మాకు తెలియకపోవుటయే కారణము. మీరును, మీ తలిదండ్రులును అట్లు తల యూపవలసిన అవసరము రాకుండుటకై ఈ పాఠము వ్రాయుచున్నాము.

ఆ నీరెక్కడిది?

ఫ్రిజ్జునుండి తీసిన చల్లని నీళ్లచెంబును బల్లపై నుంచినచో కొంతసేపటికి దాని వెలుపలి భాగమున చెమట పట్టును. చెంబు చిల్లిపడలేదు. గాలిలో కంటికి కనబడని నీటియావిరి కలదు. గాలి చల్లబడినకొలది అది మోయగల యావిరి తగ్గిపోవును. మోయలేని యావిరి నీరై చల్లని వస్తువుపై చేరును. దీనినే మీ విజ్ఞానశాస్త్ర పుస్తకములో సాంద్రీకరణమని చదివినారు. ఏ ఉష్ణోగ్రత వద్ద ఈ మార్పు మొదలగునో దానికి తుషారస్థానమని పేరు. తెల్లవారుజామున గడ్డిపై కనబడు మంచుబిందువులును ఇట్టివే. కావ్యములలో మంచుబిందువుల వర్ణనలు ఎన్నియో చదివి, బోధించియు, మా యింటి గోడపై రాలిన మంచును మేము గుర్తింపలేకపోయితిమి!

చెన్నపట్టణము సముద్రతీరమున నున్నది. వేసవిసాయంకాలమున ఇచట ఉష్ణోగ్రత 32 డిగ్రీలు, ఆర్ద్రత నూటికి 70 పాళ్లు ఉండుట సామాన్యము. అట్టి గాలి తుషారస్థానము సుమారు 26 డిగ్రీలు. ఏసీ లోపలి చల్లని రాగిచుట్ట సుమారు 10 డిగ్రీల వద్ద నుండును. కావున ఆ చుట్టను తాకిన గాలి తనలోని యావిరిని నీరుగా విడువక తప్పదు.

ఎంత నీరు? ఒక లెక్క చేయుదము. పండ్రెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గల గదిలో సుమారు 34 ఘనమీటర్ల గాలి యుండును. పైన చెప్పిన వేసవిగాలిలో ఒక ఘనమీటరునకు దాదాపు 24 గ్రాముల యావిరి కలదు. గది 24 డిగ్రీలకు చల్లబడి, ఆర్ద్రత నూటికి 55 పాళ్లైనచో ఘనమీటరునకు 12 గ్రాములే మిగులును. అనగా ఘనమీటరునకు 12 గ్రాముల చొప్పున, గదిలోని గాలినుండియే 400 గ్రాములకు పైగా నీరు దిగవలెను. తలుపుసందులనుండి వచ్చు క్రొత్తగాలియు, మన ఊపిరియు, చెమటయు రాత్రంతయు మరికొంత యావిరిని చేర్చుచునే యుండును. ఉక్కపోయు రాత్రి ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు ఒక లీటరు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నీటిని తీయగలదు. తెల్లవారుసరికి అరబకెట్టు నిండుటలో వింత లేదు.

అనంతపురములో ఎండకాలమున మేము గడ్డిచాపల కూలరుతోనే చల్లగా నిద్రించెడివారము. అచ్చటి గాలి పొడిగాలి. నీరు వేగముగా ఆవిరియై గాలిని చల్లబరచును. ఆ కూలరునే చెన్నపట్టణమునకు తెచ్చినచో ఉక్క హెచ్చునే కాని చల్లదనము రాదు. ఒకే యెండయైనను గాలి వేరైనచో సాధనము వేరు కావలెను.

కాగితమునుండి పుట్టిన యంత్రము

ఏసీ మొదట మనుష్యుల సుఖమునకై పుట్టలేదు. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్ ప్రాంతమున ఒక ముద్రణాలయములో గాలితేమవలన కాగితము సాగి, ముడుచుకొని, రంగులు ఒకదానిపై నొకటి సరిగా పడకుండెను. గాలిలోని తేమను అదుపుచేయుటకై విల్లిస్ కారియర్ అను యువ ఇంజనీరు ఒక యంత్రమును రూపొందించెను. అదియే నేటి ఏసీకి మూలము. కాబట్టి నీటిని తీయుట ఈ యంత్రమునకు లోపము కాదు, పుట్టుకనుండి వచ్చిన పని. వావిళ్లవారి వంటి తెలుగు ముద్రాపకులు వర్ధిల్లిన ఈ చెన్నపట్టణమున, కాగితమును కాపాడ పుట్టిన యంత్రము మా కాగితములనే తడిపినది!

"టన్ను" అనగా యంత్రపు బరువు కాదు. రెండువేల పౌనుల మంచుగడ్డ ఇరువదినాలుగు గంటలలో కరగుటకు ఎంత వేడిని పీల్చునో అంత వేడిని తీయగల శక్తికి ఒక టన్ను అని పేరు. ఏసీలు లేని కాలమున మంచుగడ్డయే చల్లదనమునకు ఆధారము. మెరీనా తీరమున నేడు వివేకానందర్ ఇల్లమని పిలువబడు భవనమును 1842లో అమెరికా వర్తకుడైన ఫ్రెడరిక్ ట్యూడర్ సంస్థవారు, ఓడలపై తెచ్చిన మంచుగడ్డలను నిలువచేయుటకై కట్టించిరి. అందుచేతనే ఆ ప్రాంతమును నేటికిని ఐస్‌హౌస్ అందురు. 1897లో స్వామి వివేకానందులు అందు బసచేసిరి.

నీరు గదిలోనికి ఎందుకు కారును?

రాగిచుట్టనుండి రాలిన నీరు దాని క్రిందనున్న ట్రేలో చేరి, అచటనుండి సన్నని గొట్టముద్వారా వెలుపలికి పోవలెను. "నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అను సామెత మీకు తెలిసినదే. పల్లము దొరకినంతవరకు నీరు మన మాట వినును. దొరకనిచో తన దారి తాను చూచుకొనును. ఆ దారి తప్పుటకు కారణములివి.

1. గొట్టము మూసికొనిపోవుట. దుమ్ము, పాచి, పురుగులు చేరి దారిని మూయును. ట్రే నిండి నీరు గదిలోనికి పొర్లును. మొదట పరీక్షింపవలసిన కారణమిదియే.

2. వాలు సరిగా లేకుండుట. లోపలి పెట్టెను గొట్టమున్న వైపు ఎత్తుగా బిగించినను, గొట్టము నడుమ పైకి లేచినను, దాని చివర బకెట్టునీటిలో మునిగియున్నను నీరు సాఫీగా పోదు. కిటికీ ఏసీ యైనచో అది వెలుపలి వైపునకు కొంచెము వాలియుండవలెను.

3. ఫిల్టరు మురికిపట్టుట. జల్లెడ వంటి ఫిల్టరును దుమ్ము మూసినచో చుట్టకు చాలినంత గాలి తగలదు. చుట్ట సున్న డిగ్రీలకంటె చల్లనై, నీరు దానిపైననే మంచుగా గడ్డకట్టును. ఏసీని ఆపినప్పుడు ఆ మంచంతయు ఒక్కసారిగా కరగి ట్రేలో పట్టక పొర్లును.

4. గ్యాసు తగ్గుట. అప్పుడును మంచు కట్టును, పిదప నీరు కారును. గ్యాసు బండిలోని పెట్రోలువలె ఖర్చగునది కాదు. మూసిన గొట్టములలో అదే గ్యాసు ఏండ్లతరబడి తిరుగుచుండును. అది తగ్గినదనగా ఎక్కడనో చిల్లి కలదని యర్థము. చిల్లిని వెదకి మూయకయే గ్యాసు నింపుట కుండ అతుకకయే నీరు పోయుట వంటిది.

5. రాగిగొట్టము పైనున్న నురుగుతొడుగు చినుగుట. అప్పుడు గొట్టమే చెంబువలె చెమర్చును. గోడలోని రంధ్రమును మూయనిచో వానజల్లును దానివెంట లోనికి వచ్చును.

6. ట్రే బీటలువారుట, పాతయంత్రములలో తుప్పుపట్టుట.

ఏది కారణమో తెలిసికొనుట

ముందుగా వెలుపలి గొట్టపుచివరను చూడుడు. గదిలో కారుచు, వెలుపల కారకున్నచో గొట్టము మూసికొన్నదని తెలియవలెను. చుట్టపై తెల్లని మంచు కనబడినచో ఫిల్టరు గాని, గ్యాసు గాని కారణము. ఫిల్టరును కడిగిన పిదపయు మంచు కట్టుచునే యున్నచో మెకానిక్కును పిలువవలెను. చల్లదనము బాగుగా నుండి, మంచు లేక, నీరుమాత్రము కారుచున్నచో గ్యాసును శంకింపవలసిన పని లేదు. మా యింట జరిగినది సరిగా నిదియే. గోడరంధ్రము వద్దనే తడి యున్నచో తొడుగును చూడవలెను.

ఇంటిలో పెద్దలు చేయదగిన పనులు కొన్ని కలవు. మొదట రిమోటుతో ఆపి, పిదప గోడలోని మెయిన్ స్విచ్చును కూడ ఆపవలెను. ముందుమూత తెరచి, ఫిల్టరును తీసి, పంపునీటితో కడిగి, నీడలో ఆరబెట్టి తిరిగి అమర్చవలెను. వేసవిలో పదునైదు దినముల కొకసారి ఇట్లు చేయుట మంచిది. గొట్టపుచివర చేతికందునట్లున్నచో అచటి మట్టిని, పాచిని తీయవలెను. తడిని పీల్చు వాక్యూమ్ యంత్రమున్నచో దానితో వెలుపలినుండి మురికిని లాగవచ్చును. చుట్టపై మంచున్నచో ఏసీని ఆపి, అది తానై కరగువరకు వేచియుండవలెను.

చేయరాని పనులును కలవు. మంచును కత్తితో గీకరాదు. రాగిగొట్టము చిల్లిపడును. గొట్టములోనికి బలముగా గాలి ఊదరాదు. లోపలి అతుకు ఊడును. నేటి యంత్రములలో విరివిగా వాడు ఆర్-32 అను గ్యాసునకు కొంత మండు స్వభావము కలదు. కావున గ్యాసుపని నేర్చినవారే చేయవలెను. స్విచ్చుబోర్డుపై నీరు పడినచో దానిని తాకక, దూరముననున్న ఇంటి మెయిన్ బోర్డువద్ద కరెంటు ఆపవలెను. బాలురు గాని, పెద్దలు గాని వెలుపలి యంత్రమును చూచుటకై సన్‌షేడుపైకి దిగరాదు. కారుచున్న నీరు తుడిచినచో పోవును. జారిపడిన ప్రాణము తిరిగి రాదు.

మెకానిక్కు వచ్చినప్పుడు తలిదండ్రులు మూడు ప్రశ్నలు అడుగవలెను. ట్రే, గొట్టము చూచితిరా? చుట్టపై మంచున్నదా? గ్యాసు తగ్గినచో ఎక్కడ చిల్లి? మర్యాదగా అడిగినచో పని తెలిసినవాడు సంతోషముతోనే చూపును. ఎండలో నిచ్చెనలెక్కి బ్రదుకువారిని చులకన చేయుట మా ఉద్దేశము కాదు. మా పుస్తకములను తడిపిన జబ్బును కుదిర్చినవాడును మెకానిక్కే.

ఆ నీటిని ఏమి చేయవలెను?

2019 వేసవిలో చెన్నపట్టణమునకు నీరిచ్చు పూండి, చోళవరము, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కము చెరువులు దాదాపు ఎండిపోయినవి. లారీనీటికై వీధులలో బిందెలు బారులు తీరినవి. తెలుగుగంగ కాలువద్వారా కృష్ణాజలము 1996లో పూండి చేరినదని మనము గర్వముతో చెప్పుకొందుము. అంత దూరమునుండి వచ్చు నీటిని త్రాగు మనము, గోడప్రక్కన కారు నీటిని ఊరక పోనీయ తగునా? బకెట్టులో పట్టి మొక్కలకు పోయవచ్చును, నేల తుడువవచ్చును. గొట్టపుచివర మాత్రము బకెట్టునీటికి పైననే యుండవలెను. ఈ నీటిని త్రాగరాదు, వంటకు వాడరాదు. చుట్టపైని దుమ్ము, సూక్ష్మజీవులు, లోహపు కణములు అందు చేరవచ్చును. క్రింది యింటివారి బాల్కనీలో పడకుండునట్లు గొట్టమును మురుగుకాలువవరకు పొడిగించుట ఇరుగుపొరుగు ధర్మము.

ఆ విద్యార్థి ప్రశ్నకు మేము మరునాడు తరగతిలో సమాధానము చెప్పితిమి. చివర అతడు, "అయితే మా అమ్మ ప్రతిదినము తులసికోటకు పోయునది మా గదిలోని గాలియే నన్నమాట!" అనెను. పాఠము అతనికి మాకంటె బాగుగా తెలిసినది.

అభ్యాసము

1. మీ గది కొలతలు తీసికొని, పై లెక్క ప్రకారము గాలినుండి ఎన్ని గ్రాముల నీరు దిగునో కనుగొనుడు.
2. మీ యింట గాని, పొరుగింట గాని ఏసీ గొట్టమునుండి ఒక గంటలో కారు నీటిని కొలిచి వ్రాయుడు. వాననాటి కొలతను, ఎండనాటి కొలతను పోల్చుడు.
3. కూలరు అనంతపురములో పనిచేసి, చెన్నపట్టణములో పనిచేయకపోవుటకు కారణమును మీ అమ్మగారికి తెలుగులో వివరింపుడు. ఆమెకు తెలిసినచో మీకును తెలిసినట్లే.