బొగ్గు పేరున్న ఇంకో ఊరు

గోదావరిఖని

అల్లుడా,

నువ్వు పంపిన రూట్ మ్యాప్ రెండు రోజుల సంది ముందట పెట్టుకుని కూర్చున్న. ఇటలీల సార్డీనియా ద్వీపం, అదీ బండి మీద. మీ అమ్మ భయపడుతున్నది. నేను మాత్రం వద్దనను. నిన్ను బండి మీద మంథని మీదుగా కాళేశ్వరం దాకా తీసుకపోయి ఈ పిచ్చి అంటించినోణ్ని నేనే.

గాని వారం రోజుల్ల ద్వీపమంతా చుట్టొస్త అన్నవు చూడు, అది నాకు నచ్చలేదు. 24 వేల చదరపు కిలోమీటర్ల నేల అది, మన తెలంగాణల ఐదో వంతు. చుట్టు పూర్తి చేయాలన్న పంతం పెట్టుకుంటే చీకటి పడ్డంక కూడా తోలుతవు. నైట్ షిఫ్టు దిగి బండి మీద ఇంటికొచ్చే రోజుల్ల, కండ్లు తెరిచే నిద్రపోవుడు అంటే ఏందో నాకు తెలిసింది. ఒకనాడు గోదావరి బ్రిడ్జి దాటినంక తోవ గుర్తే లేదు; ఇంటి గేటు ముందర తెలివొచ్చింది. ఆనాడు బతికింది అదృష్టం కొద్ది. రోజుకు 150 కిలోమీటర్లు దాటకు. సగం ద్వీపం చూసినా చాలు.

కాగితాల సంగతి: మన లైసెన్సు ఒక్కటే అక్కడ సరిపోదు. ఆర్టీఓ ఆఫీసుల అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకో, ఏడాది చెల్లుతది. అందుల మోటార్‌సైకిల్ గడి మీద ముద్ర పడిందా లేదా అక్కడే నిలబడి చూసుకో.

అక్కడ బండి కుడిపక్క నడపాలె. ట్రాఫిక్ ఉన్నప్పుడు తప్పు చెయ్యవు, ముందు పోయేటోడు తోవ చూపిస్తడు. పొద్దున మొదటిసారి బండి తీసినప్పుడు, పెట్రోల్ బంకుల నుంచి ఖాళీ రోడ్డు ఎక్కినప్పుడు చెయ్యి తనంతట తనే ఎడమకు గుంజుతది. మేం బొగ్గు బాయిల పని మొదలుపెట్టే ముందు పైకప్పును కర్రతో తట్టి శబ్దం వినేటోళ్లం. గట్టిగ మోగితే సరే, బోలుగ వినబడితే వెనక్కి. ముప్పై ఏండ్ల సర్వీసున్నోడు కూడా రోజూ తట్టాల్సిందే. నువ్వు కూడా బండి కదిలించే ప్రతిసారి 'కుడి' అని నోటితో అనుకో. సిగ్గుపడకు.

తూర్పున దోర్గాలి నుంచి బౌనేయి దాకా 125 నంబర్ రోడ్డు మంచిదన్నవు. వెయ్యి మీటర్లు దాటిన జెన్నా సిలానా కనుమ ఎక్కి దిగాలె. మలుపు తిరగంగనే మేకలు అడ్డమొస్తయి. వాయవ్యం నుంచి మిస్ట్రాల్ గాలి లేస్తే కొండ చాటు దాటంగనే బండిని పక్కకు నెడుతది. టిప్పర్ల రోడ్డు మీద వానల బొగ్గు బురదకు జారి నా మోకాలు పగిలింది మలుపుల బ్రేకు పట్టినందుకే. వేగం మలుపుకు ముందే తగ్గించు.

ఇగ అసలు మాట. నీ మ్యాపుల నైరుతి మూల ఖాళీగ ఉన్నది. అక్కడ కార్బోనియా అనే ఊరుంది. ఇటలీ భాషల కార్బోనే అంటే బొగ్గు. బాయి కోసం 1938ల కట్టి, బొగ్గు పేరే పెట్టిన్రు; మన ఊరి పేర్ల ఖని ఉన్నట్టే. అక్కడి సెర్బారియు బాయి 1964ల ఆగిపోయింది. మన దిక్కు కొత్త బాయిలు పడుతున్న కాలం అది. ఇప్పుడు దాన్ని మ్యూజియం చేసిన్రు. ల్యాంప్ రూం, మనుషులను దింపే యంత్రం, ఒక సొరంగం ఉన్నయి.

ఆ దిక్కు సముద్రపు ఒడ్డు మీదనే మసువా దగ్గర పోర్టో ఫ్లావియా చూడు. 1924ల కొండను లోపల్లోపల తొలిచి, ఖనిజం సీదా సముద్రం మీది ఓడలోకి పడేటట్టు చేసిన్రు. అంతకుముందు కూలీలు గంపలల్ల మోసి పడవల్ల పోసేటోళ్లు. మన బాయిలల్ల తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు ఎత్తే మనుషుల రెక్కలు వాళ్లకూ ఉండె. ఇంకొంచెం పైన బుజ్జెర్రు అనే ఊరు. 1904 సెప్టెంబర్ 4న మధ్యాహ్నపు విరామం తగ్గిస్తే కార్మికులు ఎదురుతిరిగిన్రు, సైనికులు కాల్పులు జరిపిన్రు. ఆ నెలలోనే ఇటలీ దేశమంతా సమ్మెకు దిగింది. ఆ ఊరి చౌరస్తాల బండి ఆపి, ఇంజన్ బంద్ చేసి, కొంచెంసేపు నిలబడు.

తూర్పు తీరంల ఒకరోజు తగ్గినా పర్వాలేదు, కార్బోనియాకు మాత్రం ఒక పూర్తి రోజు ఇయ్యి. మన దగ్గర భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతబడుతున్నయి, ఓపెన్ కాస్టులు పెరుగుతున్నయి, ఆ బొగ్గు కూడా ఎన్నటికైనా ఒడిసేదే. బాయి మూతబడ్డంక కార్బోనియా ఊరోళ్లు ఏం పని చేసి బతికిన్రు? క్వార్టర్లల్ల ఇప్పుడెవరుంటున్నరు? పిల్లలు ఊర్లనే ఉన్నరా, పోయిన్రా? చాయ్ కొట్టు లాంటిది దొరికితే కూర్చుని ముసలోళ్లను అడుగు. భాష రాకుంటే ఫోన్ల తర్జుమా చేసుకో. సింగరేణి మనిషి ఇంటి నుంచి వచ్చిన అని చెప్పు.

ఆ ల్యాంప్ రూంల దీపాలు ఎట్ల వేలాడదీసిన్రో ఒక ఫోటో తియ్యి, నాకు పంపు. హెల్మెట్ కొన్నాక ముందు దాని ఫోటో పంపు, మీ అమ్మకు చూపించాలె.

నీ మామ