ఆరుబయట నాచు సాగు: తొట్టి మేలా, గొట్టం మేలా?

స్పైరులినా, క్లోరెల్లా వంటి సూక్ష్మ నాచుల పొడికి పోషకాహార వ్యాపారంలో గిరాకీ ఏర్పడినప్పటి నుంచి, వాటిని పారదర్శకమైన గొట్టాలలో పెంచే ఫోటోబయోరియాక్టర్లపై పెట్టుబడిదారుల దృష్టి పడినది. ఎండ ఉచితమని యంత్రాలు అమ్మేవారు చెప్పే మాట నిజమే. కాని ఆ ఎండను నాచుకు సరిగా అందించడం ఉచితం కాదు. కిలో పొడి ఎంతకు పడుతుందన్నది తేలేది అక్కడే.

మధ్యాహ్నపు ఎండలో సుమారు పదోవంతుతోనే చాలా రకాల నాచు కణాలకు కడుపు నిండిపోతుంది. మిగిలినది వేడిగా వృథా కావడమే గాక, ఎక్కువసేపు తగిలితే కణాన్ని దెబ్బతీస్తుంది కూడా. పై అంచున ఉన్న కణాలు ఎండకు మాడుతుండగా లోపలివి చీకటిలో పస్తుంటాయి. అందుచేత గొట్టాలను కంచె వలె ఒకదానిపై ఒకటి నిలువునా అమర్చి, చదరపు మీటరు నేలపై పడే ఎండను అంతకు ఎక్కువ వైశాల్యం గల గాజుపైకి పంచే పద్ధతి వచ్చినది. ఒక్కరికే కుమ్మరించక పంక్తిలో వడ్డించడం వంటిదే ఇది. గొట్టం మధ్యకు వెలుగు చేరాలి గనుక వ్యాసం సాధారణంగా 10 సెంటీమీటర్లకు మించనీయరు.

మూసిన గొట్టంలో చిక్కు మరొకటి ఉన్నది. నాచు పెరుగుతూ విడిచే ప్రాణవాయువు తొట్టిలోనైతే గాలిలో కలిసిపోతుంది. గొట్టంలో దానికి దారి లేదు. గాలి సోకే నీటిలో మామూలుగా కరిగి ఉండే మోతాదుకు అది నాలుగు రెట్లు దాటితే ఎదుగుదల కుంటుపడుతుంది. మండుటెండ తోడైతే కణాలే పాడవుతాయి. కాబట్టి ఒక వరుస పొడవును సుమారు 80 మీటర్ల లోపున ఉంచి, నీటిని సెకనుకు 30 నుంచి 50 సెంటీమీటర్ల వేగంతో నడిపి, చివర గాలి బుడగల స్తంభంలోకి తెచ్చి ఆ వాయువును వదిలించవలసి ఉంటుంది. ఇంకా వేగంగా తిప్పితే సరిపోదా అనవచ్చు. వేగం రెట్టింపు చేస్తే పంపుకు కావలసిన విద్యుత్తు సుమారు ఏడు రెట్లవుతుంది! ఇక కిలో ఎండు నాచుకు సుమారు 1.8 కిలోల బొగ్గుపులుసు వాయువు కావాలి. అది కొని తేవలసినదైతే ఆ ఖర్చు వేరు.

వేడి సంగతి మన ప్రాంతాల వారికి మరీ ముఖ్యం. చల్లబరచకపోతే గొట్టంలోని నీరు బయటి గాలికంటె 10, 15 డిగ్రీలు ఎక్కువ వేడెక్కగలదు. మే నెలలో రెంటచింతల, రామగుండం వంటి చోట్ల నీడపట్టున కూడా ఎంత వేడి ఉంటుందో తెలియనిది కాదు. గొట్టాలపై నీళ్లు చల్లడం ఒక ఉపాయమే కాని, నీరు ఉప్పదైతే గాజుపై తెల్లని పొర కట్టి వెలుగును అడ్డుతుంది. లోపలి వైపు నాచు జిగట పట్టడం ఎటూ తప్పదు.

ఇవన్నీ కలిపితే ధర ఎంత? నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ పరిశోధకులు 2011లో ప్రకటించిన అంచనా ప్రకారం, పెద్ద ఎత్తు సాగులో కిలో ఎండు నాచు తెరిచిన తొట్లలో 4.95 యూరోలకు, నేలపై పరచిన గొట్టాలలో 4.15 యూరోలకు, పలుచని పలకల పెట్టెలలో 5.96 యూరోలకు పడుతుంది. గొట్టమే చవక అన్నమాట! అయితే అది కాగితంపై వేసిన లెక్క. దక్షిణ స్పెయిన్‌లో ఎండకు పేరుపడిన అల్మేరియాలో నిజంగా నడిచిన కర్మాగారం లెక్కలు 2012లో వెలువడినవి. ఒక్కొక్కటి 3 ఘనపు మీటర్లు పట్టే గొట్టపు రియాక్టర్లు 10. ఏడాదికి ఉత్పత్తి 3.8 టన్నులు. హెక్టారుకు లెక్కిస్తే 90 టన్నులు, మెచ్చదగిన దిగుబడే. పడిన ధర మాత్రం కిలోకు 69 యూరోలు. అందులో పెద్ద వాటా జీతాలది, యంత్రాల తరుగుదలది. పరికరాలను సరళం చేసి ఏడాదికి 200 టన్నుల స్థాయికి పెంచితే 12.60 యూరోలకు దింపవచ్చునని ఆ పరిశోధకులే లెక్కకట్టారు.

ఆ ధర కూడా పశువుల దాణాకు గాని, ఇంధన నూనెకు గాని గిట్టేది కాదు. స్పైరులినాకు గొట్టాల అవసరమే అంతగా లేదు. క్షారం ఎక్కువగా ఉన్న నీటిలో అది పెరుగుతుంది, అట్టి నీటిలో ఇతర నాచులు సులభంగా బతకలేవు గనుక తెరిచిన తొట్లే చాలు. గొట్టాలు గిట్టేది ఇతర జీవుల చొరబాటును తట్టుకోలేని ఖరీదైన సరుకుకే. హెమటోకాకస్ నాచు నుంచి తీసే ఎర్రని అస్టాజాంథిన్ అట్టిది. దానికై ఇజ్రాయెల్‌లోని అరవా ఎడారిలో, కెతూరా వద్ద, ఆరుబయట గాజు గొట్టాల కర్మాగారం 1990 దశకం చివర ఏర్పడినది.

యంత్రం కొనదలచినవారు దిగుబడి అంకెతో తృప్తిపడక, ఘనపు మీటరుకు పంపు వాడే విద్యుత్తు ఎంత, మే నెల మధ్యాహ్నం గొట్టంలో నీటి వేడి ఎంత, గొట్టాలు ఎన్ని రోజులకు కడగాలి, ఆ కూలి ఎవరి ఖాతాలో వేశారు అన్నవి వ్రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.