ఇరుసు నుంచి బోరు మోటరు దాకా: కందెన నేర్పిన పాఠాలు

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో బండి ఇరుసులు, ఆయిల్ ఇంజన్లు, బోరు మోటర్లు బాగుచేస్తూ ముసలివాణ్నయ్యాను. పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు చెప్పేవి ఇవే.

1. రాపిడి ఎక్కడ కావాలో ముందు తేల్చుకో. ఇంజన్ బెల్టు పంపును తిప్పేది రాపిడి పట్టుతోనే. దాని మీద నూనె పడితే పుల్లీ తిరుగుతుంది గానీ పంపుకు బలం అందదు. బేరింగులో మాత్రం ఆ రాపిడే శత్రువు.

2. ఆముదాన్ని తక్కువ చేయకు. వాన తక్కువైన మన చల్కల పంట అది. పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం క్రాంతి, హరిత వంటి ఆముదం రకాలు ఇచ్చింది. బండ్లకు ఆముదంలో గడ్డి మసి కలిపి కందెన పెట్టేవాళ్లం. ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో 85–90 శాతం రిసినోలిక్ ఆమ్లమే. అందుకే చిక్కగా ఉండి ఇనుమును కరుచుకుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో రోటరీ ఇంజన్ల విమానాలకు ఆముదమే పోశారు. వేడికి బంకగా మారడం దాని లోపం. అయినా ఇవాళ్టి లిథియం గ్రీజును చిక్కగా నిలబెట్టే సబ్బు చాలావరకు ఆముదం నుంచి తీసిన ఆమ్లంతోనే తయారవుతుంది. మన చేలో పండేదాన్నే డబ్బాలో కొంటున్నాం.

3. గ్రీజు కన్నా ముందు గుడ్డ పట్టు. మన నేలల్లోని పలుగురాయి ఇసుక మామూలు ఇనుము కన్నా గట్టిది. పాతది తుడవకుండా కొత్త గ్రీజు పెడితే రెండూ కలిసి బేరింగును సానబడతాయి.

4. కుక్కి పెట్టకు. బేరింగు గూటిలో మూడో వంతు నుంచి సగం దాకా గ్రీజు చాలు. నిండితే గ్రీజు చిలికినట్టయి బేరింగు వేడెక్కుతుంది.

5. నీళ్లూ కందెనే. నీళ్లు నింపి దింపే బోరు మోటరులో బరువు మోసే థ్రస్ట్ బేరింగు నీటి పొర మీదే తిరుగుతుంది. పైనున్న పంపు బుష్షులకు బోరు నీళ్లే కందెన. బోరు ఎండిపోయాక నడిపిస్తే ముందు మాడేవి అవే.

6. తిరుగుడే పొరను నిలబెడుతుంది. 1883లో ఇంగ్లాండులో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగుకు పైన బెజ్జం వేస్తే నూనె ఎగదన్నింది. బిరడా బిగిస్తే దాన్నీ తోసేసింది. ఇరుసు తిరుగుతూ నూనెను లోపలికి లాక్కుని, ఆ ఒత్తిడి మీద తేలుతుందన్నమాట. వేగం లేనప్పుడు పొర ఉండదు. మొదలయ్యేటప్పుడు, ఆగేటప్పుడే అరుగుదల ఎక్కువ. 2018 జనవరి 1న సాగుకు 24 గంటల కరెంటు రాకముందు, విడతల కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆటో స్టార్టరు మోటరును లేపేది. అందుకే థ్రస్ట్ అరిగిన మోటరు షెడ్డుకొస్తే విప్పకముందే రైతును అడుగు: రోజుకు ఎన్నిసార్లు ఆగి మొదలవుతోంది?