పాత కారుకు కొత్త కార్బురేటర్: ముందు గాలి లెక్క చూడండి

పాత కారుకు కార్బురేటర్ మార్చాల్సి వస్తే చాలామంది మొదట అడిగేది "ఏ కంపెనీది మంచిది?" అని. దానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ ఇంజిన్ నిమిషానికి ఎంత గాలి పీలుస్తుంది? ఇది తెలియకుండా కొన్న కార్బురేటర్, అది ఎంత పేరున్నదైనా, కొలత ఇవ్వకుండా కుట్టించుకున్న చొక్కా లాంటిదే.

1963లో వచ్చిన అమెరికన్ స్పోర్ట్స్ కారు షెవర్లే కార్వెట్ స్టింగ్ రేనే తీసుకుందాం. దాని వీ8 ఇంజిన్ పరిమాణం 327 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 5.36 లీటర్లు. ఆ ఏడాది ఎక్కువ కార్లకు కార్టర్ కంపెనీ నాలుగు గొట్టాల కార్బురేటర్ బిగించి ఇచ్చారు. ఇన్నేళ్ళకు అలాంటి కార్బురేటర్‌లో థ్రాటిల్ ఇరుసు తిరిగే రంధ్రం అరిగిపోతుంది, పక్కనుంచి గాలి దూరుతుంది. ఇక ఎంత సర్దినా ఇంజిన్ నిలకడగా తిరగదు. కొత్తది కొందామని చూస్తే 600, 650, 750 అని అంకెలు కనిపిస్తాయి. ఇవి సీఎఫ్ఎం అంకెలు, అంటే నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి పోగలదో చెప్పేవి. ధరలో పెద్ద తేడా లేకపోతే మనసు 750 వైపే లాగుతుంది.

లెక్క చూద్దాం. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారే గాలి పీలుస్తుంది. కాబట్టి నిమిషానికి 6000 చుట్లు తిరిగే 5.36 లీటర్ల ఇంజిన్‌లోకి 5.36 × 3000, అంటే 16,080 లీటర్ల గాలి పోవాలి. కానీ సిలిండర్ ఎప్పుడూ పూర్తిగా నిండదు. రోడ్డు మీద తిరిగే పాత ఇంజిన్ మహా అయితే 85 శాతం నిండుతుంది. అంటే దాదాపు 13,670 లీటర్లు. ఒక ఘనపు అడుగుకు 28.3 లీటర్ల చొప్పున భాగిస్తే 483 సీఎఫ్ఎం వస్తుంది. 600 కార్బురేటర్ దీనికి హాయిగా సరిపోతుంది. 750 అక్కర్లేదు.

అక్కర్లేకపోతే పోయింది, ఉంటే నష్టమేంటి అంటారా? నష్టం ఉంది. అక్కడే భౌతికశాస్త్రం మొదలవుతుంది.

కార్బురేటర్ మధ్యలో నడుము సన్నగా ఉన్న గొట్టం ఉంటుంది. దాన్ని వెంచురీ అంటారు. ఆ సన్నని చోట గాలి వేగం పెరుగుతుంది, పీడనం పడిపోతుంది. పక్కనున్న చిన్న గిన్నెలో పెట్రోలు మీద బయటి గాలి పీడనం అలాగే ఉంటుంది కాబట్టి, ఈ తేడా పెట్రోలును జెట్ గుండా పైకి తోస్తుంది. బిలాస్‌పూర్ లాంటి రైల్వే పట్టణంలో పెద్దవాళ్ళకు దీని దగ్గరి చుట్టం ఒకటి తెలుసు. ఆవిరి ఇంజిన్ల కాలంలో బండి బ్రేకులకు కావలసిన వాక్యూమ్‌ను ఎజెక్టర్ అనే పరికరం తయారుచేసేది. ఆవిరి దూసుకుపోతూ బ్రేకు పైపులోని గాలిని తనతో లాక్కుపోయేది. అక్కడ ఆవిరి గాలిని లాగింది, ఇక్కడ గాలి పెట్రోలును లాగుతోంది.

ఈ పీడనం తేడా గాలి వేగం వర్గానికి అనులోమంగా ఉంటుంది. ఇంజిన్ పీల్చే గాలి అదే, గొట్టం మాత్రం 600 బదులు 750ది అనుకోండి. వేగం 0.8 వంతుకు తగ్గుతుంది. పీడనం తేడా 0.8 × 0.8, అంటే 0.64 వంతుకు పడిపోతుంది. పెట్రోలును లాగే బలంలో మూడో వంతుకు పైగా పోయినట్టే. ఊళ్ళో నెమ్మదిగా పోతూ యాక్సిలరేటర్ తొక్కితే పెట్రోలు ఆలస్యంగా, పెద్ద బొట్లుగా వస్తుంది. ఇంజిన్ ఒకసారి దగ్గి, తర్వాత అందుకుంటుంది. పందెం కారు ఎప్పుడూ పై వేగంలోనే తిరుగుతుంది కాబట్టి దానికి ఈ బాధ లేదు. ట్రాఫిక్‌లో నడిపే కారుకు రోజూ ఇదే గోల.

ఇంకో మెలిక. అంకెలు ఒకటే అయినా కొలత ఒకటి కాకపోవచ్చు. అమెరికన్ నాలుగు గొట్టాల కార్బురేటర్లను 1.5 అంగుళాల పాదరస పీడనం తేడా దగ్గర కొలుస్తారు, ఒకటి రెండు గొట్టాల వాటిని 3 అంగుళాల దగ్గర. ప్రవాహం పీడనం తేడా వర్గమూలంతో పెరుగుతుంది. అందువల్ల రెండు గొట్టాల 500 సీఎఫ్ఎం కార్బురేటర్‌ను నాలుగు గొట్టాల కొలతతో చూస్తే సుమారు 354 మాత్రమే. మోసమేమీ లేదు, కొలబద్ద వేరు. నాలుగు గొట్టాల వాటిలో రెండు ఎప్పుడూ పనిచేస్తాయి, మిగతా రెండు అవసరమైనప్పుడు తెరుచుకుంటాయి. ఆ రెండూ వాక్యూమ్‌తో తెరుచుకునే రకమైతే ఇంజిన్ అడిగినంతే ఇస్తాయి, పరిమాణం కాస్త ఎక్కువైనా క్షమిస్తాయి. రోడ్డు కారుకు నా ఓటు దానికే.

కార్వెట్ మన రోడ్ల మీద కనిపించదు, సరే. కానీ అమెరికా నుంచి వచ్చి మనదైపోయిన బండి ఒకటుంది, విల్లీస్ జీపు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లోనే మహీంద్రా దాన్ని ఇక్కడ తయారుచేయడం మొదలుపెట్టింది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు జీపు కొత్త కాదు. 2.2 లీటర్ల ఆ పాత ఇంజిన్‌కు 4000 చుట్ల దగ్గర, 80 శాతం నిండుతుందనుకుంటే, 3,520 లీటర్లు, అంటే 124 సీఎఫ్ఎం చాలు. అసలు కార్బురేటర్ దొరక్క 800 సీసీ చిన్న కారుదాన్ని బిగిద్దామనుకునేవాళ్ళు ఇదే లెక్క ఆ కారుకూ వేసి చూడాలి. 5500 చుట్ల దగ్గర దాని అవసరం 62 సీఎఫ్ఎం. జీపుకు కావలసిందానిలో సగం. స్టార్టవుతుంది, ఊళ్ళో బాగానే తిరుగుతుంది, ఘాట్ ఎక్కేటప్పుడు ఊపిరాడదు.

పరిమాణం తేలాక జెట్ సంగతి. ఇక్కడ ఊరి వాతావరణమూ బంకులో పెట్రోలూ రెండూ లెక్కలోకి వస్తాయి. కార్బురేటర్ గాలి బరువు తూచదు. గాలి పలచబడితే లోపలికి పోయే గాలి బరువు తగ్గినంతగా పెట్రోలు తగ్గదు, మిశ్రమం చిక్కబడుతుంది. ఎంత? గాలి సాంద్రత వర్గమూలం మేరకు. 20 డిగ్రీల దగ్గర సరిగ్గా పెట్టిన జెట్, బిలాస్‌పూర్ మే నెల 45 డిగ్రీల ఎండలో సుమారు 4 శాతం చిక్కటి మిశ్రమం ఇస్తుంది. డిసెంబరు రాత్రి 10 డిగ్రీల చలిలో 2 శాతం పలచన. అమర్‌కంటక్ కొండ ఎక్కితే, అది సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైనే, ఇంకో 5 శాతం దాకా చిక్కబడుతుంది.

దీనికి ఎదురు దిశలో లాగేది ఇథనాల్. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఒక కిలో ఇథనాల్‌కు 9 కిలోలే. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు ఇది సుమారు 13.5. అంటే అదే గాలికి దాదాపు 8 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. కొత్త బండ్లలో ఆక్సిజన్ సెన్సర్ పొగను చూసి తనంతట తాను సర్దుకుంటుంది. కార్బురేటర్‌కు ఆ కళ్ళు లేవు. రంధ్రం ఎంతో అంతే.

రెండూ కలిపి చూడండి. పాత జెట్‌తో, ఇథనాల్ పెట్రోలుతో, మే నెలలో బండి 4 శాతం పలచనగా నడుస్తుంది, ఎవరికీ తేడా తెలియదు. డిసెంబరు వేకువన అదే బండి 10 శాతం పలచనగా నడుస్తుంది. చోక్ వదలగానే ఆగిపోవడం, పికప్ లేకపోవడం అప్పుడు బయటపడతాయి. ఎండాకాలంలో "అంతా బాగుంది" అనిపించుకున్న మరమ్మతుకు చలికాలంలో చెడ్డపేరు వచ్చేది చాలావరకు ఇందుకే. బరువు లాగుతూ చాలాసేపు పలచటి మిశ్రమంతో నడిస్తే సిలిండర్‌లో వేడి పెరుగుతుంది, ఎగ్జాస్ట్ వాల్వులు కాలిపోయే ప్రమాదం కూడా ఉంది.

సర్దుబాటు చిన్నదే. రంధ్రం వైశాల్యం 8 శాతం పెరగాలంటే వ్యాసం 4 శాతం పెరిగితే చాలు. సోలెక్స్ లాంటి వాటిలో జెట్ మీద అంకె మిల్లీమీటరులో నూరో వంతుల్లో ఉంటుంది. 120 ఉన్నచోట 125 వేయాలి. హోలీ జెట్ల అంకెలు నేరుగా వ్యాసాన్ని చెప్పవు, వాటికి కంపెనీ పట్టిక చూడాల్సిందే. పాత జెట్‌ను తీగతో గీకి పెద్దది చేసే పని మాత్రం పెట్టుకోవద్దు. గరుకైన రంధ్రంలోంచి ఎంత పోతుందో ఎవరూ చెప్పలేరు. బయట కనిపించే మిక్చర్ స్క్రూ తిప్పినా లాభం లేదు, దాని అధికారం ప్రధానంగా ఐడ్లింగ్ వరకే. కొనేటప్పుడు ఇంకో మాట అడగండి: లోపలి రబ్బరు, ఫ్లోట్ ఇథనాల్‌ను తట్టుకుంటాయా? పాతకాలం రబ్బరు ఉబ్బుతుంది, ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి నిలబెట్టిన బండిలో లోహం కూడా తుప్పు పడుతుంది.

జెట్ మార్చాక కొత్త స్పార్క్ ప్లగ్గులు వేసి రతన్‌పూర్ దాకా, పాతిక కిలోమీటర్లు, నిలకడగా నడపండి. టాప్ గేరులో పోతుండగానే ఇగ్నిషన్ ఆపి, క్లచ్ నొక్కి, రోడ్డు పక్కన నిలపండి. స్టీరింగ్‌కు తాళం పడే బండి అయితే తాళం చెవి తీయకుండా ఆపాలి, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే ఈ పని చేయాలి. ప్లగ్గు చల్లారాక విప్పి చూస్తే కొన దగ్గర పింగాణీ లేత గోధుమ రంగులో ఉండాలి. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే జెట్ ఇంకో మెట్టు పెంచాలి, నల్లగా మసి పట్టి ఉంటే ఒక మెట్టు తగ్గించాలి. చలికాలంలో ఇంకోసారి విప్పి చూడండి.