అనంతగిరి కనుమలలో రైలుదారి

విజయవాడ పడమటి అంచున కృష్ణానదిని ఆనుకొని ఉన్న భవానీపురం వాసులకు గూడ్సు బండి కొత్త కాదు. సమీపంలోని రాయనపాడులో వ్యాగన్లను మరమ్మతు చేసే కర్మాగారం ఉంది. ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్కేంద్రానికి కావలసిన బొగ్గు రైలు మీదనే చేరుతుంది. డెల్టా నేల అరచేయి వలె చదునైనది. ఇక్కడ వేల టన్నుల బరువును వెనుక తగిలించుకొని కూడా ఇంజను తడబాటు లేకుండా సాగిపోతుంది. అంతటి బరువును కొండల మీదుగా నడిపించవలసి వచ్చినప్పుడు ఏమి జరుగుతుందో తెలుసుకోవాలంటే, ఇక్కడికి ఈశాన్యంగా సుమారు 350 కిలోమీటర్ల దూరాన ఉన్న విశాఖపట్నం చేరి, అక్కడి నుండి తూర్పు కనుమల వైపు చూడాలి.

ఆ కనుమలలోని కొత్తవలస - కిరండోల్ రైలుమార్గం విహారం కోసం పుట్టినది కాదు. డార్జిలింగుకు, ఉదకమండలానికి వేసిన చిన్న రైలుమార్గాలు ప్రధానంగా వేసవి తాపానికి ఓర్వలేని దొరలను చల్లని కొండలకు చేర్చాయి. ఈ మార్గానికి కారణం ఇనుప ఖనిజం. నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బైలడిల్లా కొండలలో మేలైన ఖనిజం ఉంది. ఎద్దు మూపురంలా కనిపించడం వల్లనే ఆ కొండలకు ఆ పేరు వచ్చింది. యుద్ధానంతరం తిరిగి లేచి నిలబడుతున్న జపాన్ ఉక్కు పరిశ్రమకు ఖనిజం కావలసి వచ్చింది. బైలడిల్లా నుండి ఏటా 40 లక్షల టన్నులు ఎగుమతి చేయడానికి 1960లో ఒప్పందం కుదిరింది. గనికి, సముద్రానికి నడుమ అడ్డంగా ఉన్నవి తూర్పు కనుమలు. ఆ అడ్డును దాటడానికి దండకారణ్య - బొలంగీర్ - కిరిబురు పథకంలో భాగంగా సుమారు 445 కిలోమీటర్ల ఈ మార్గాన్ని తలపెట్టి 1960వ దశకం చివరికి పూర్తి చేశారు.

కొండ ఎక్కే రైలుకు తొలి శత్రువు దాని చక్రమే. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి ఒరిపిడి చాలా తక్కువ. మైదానంలో వరమైన ఈ గుణమే ఏటవాలులో శాపమవుతుంది. ఉదకమండలం రైలు పళ్ళ పట్టాను పట్టుకొని పైకి పాకుతుంది. ఖనిజాన్ని మోసే బ్రాడ్‌గేజి బండికి అటువంటి ఏర్పాటు పనికిరాదు. అందువల్ల ఈ కనుమలో వాలును 60కి ఒకటిగా ఉంచారు. అనగా బండి 60 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు మాత్రమే పైకి లేస్తుంది. వెయ్యి మీటర్ల ఎత్తు చేరాలంటే ఈ లెక్కన కనీసం 60 కిలోమీటర్ల పట్టా కావాలి. నిట్టనిలువు కొండ మీద అంత పొడవు ఎక్కడ దొరుకుతుంది? దారిని కొండ చుట్టూ తిప్పి, లోయల మీద వంతెనలు కట్టి, అడ్డు వచ్చిన శిఖరాలను తొలిచి సాధించారు. మార్గం మొత్తంలో 58 సొరంగాలు ఉన్నాయి. శివలింగపురం దాటిన తరువాత త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస స్టేషన్ల మీదుగా బండి వెలుగులోకి, చీకటిలోకి పదేపదే పోయివస్తూ శిమిలిగూడ చేరుతుంది. సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తున ఉన్న ఈ స్టేషను చాలాకాలం దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లలో అత్యున్నతమైనదిగా పేరొందింది. 2008లో కాశ్మీరు లోయలో రైలు నడిచిన పిమ్మట ఆ పేరు అటు పోయింది.

ఎక్కుటకంటె దిగుట కష్టమనే మాట ఇక్కడ అక్షరసత్యం. ఖనిజపు బండి గని వైపు పోయేటప్పుడు ఖాళీగా ఎక్కుతుంది. తిరుగు ప్రయాణంలో నిండు బరువుతో శిమిలిగూడ దాటి దిగుతుంది. 4,800 టన్నుల బండిని ఈ వాలు 80 టన్నుల బరువుకు సమానమైన బలంతో కిందికి తోస్తుంది. చక్రాలను అదే పనిగా బ్రేకు దిమ్మలతో నొక్కితే అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. 1980వ దశకం ఆరంభంలో మార్గం విద్యుదీకరణ జరిగింది. విద్యుత్ ఇంజనులో దీనికి చక్కని ఉపాయం ఉంది. దిగేటప్పుడు మోటారు విద్యుత్తును తీసుకోవడం మాని, తానే జనరేటరై విద్యుత్తును పుట్టిస్తుంది. ఆ శ్రమ చక్రాన్ని వెనుకకు పట్టి ఉంచుతుంది. రెండు మూడు ఇంజన్లను జతకట్టడం లాగడానికే కాదు, ఈ విధంగా ఆపడానికి కూడా.

యంత్రానికి ఉపాయం చెప్పవచ్చు గాని వానకు చెప్పలేము. ఈ కొండలలో విస్తారంగా ఉన్న రాయి ఖొండలైటు. ఇక్కడి ఖోండు గిరిజనుల పేరునే భూగర్భశాస్త్రజ్ఞులు దానికి పెట్టారు. ఎండకు, వానకు అది క్రమంగా శిథిలమై వదులవుతుంది. వర్షాకాలంలో బండలు, మట్టి పట్టాల మీదికి జారుతాయి. అందుకే వానరాత్రులలో రైల్వే కార్మికులు చేతిదీపంతో పట్టా వెంట నడుస్తూ గస్తీ తిరుగుతారు. అడ్డు కనబడితే, బండి వచ్చే దిక్కుకు పరుగెత్తి పట్టా మీద టపాకాయ వంటి డిటోనేటర్లు అమరుస్తారు. చక్రం కింద అవి పేలిన చప్పుడుకు డ్రైవరు బండిని ఆపుతాడు. అరకు అందాలను వర్ణించిన వ్యాసాలు ఎన్నో ఉన్నాయి. ఈ నడిచేవారిని గురించి వ్రాసినవి అరుదు.

ఉదయం విశాఖపట్నంలో బయలుదేరే కిరండోల్ బండికి 2017లో గాజు పైకప్పు, తిరిగే కుర్చీలు గల పెట్టెను చేర్చారు. పర్యాటకులు దానికోసం ముందుగానే టిక్కెట్లు కొనుక్కుంటారు. ఆ బండిలోని సాధారణ పెట్టెలలో మరొక లోకం ఉంటుంది. సంతకు, ఆసుపత్రికి, కళాశాలకు పోయే కొండవాసులకు అది విహారం కాదు, అవసరం. కొండచరియ విరిగి బండి రద్దయిన రోజున పర్యాటకుడు యాత్రను వాయిదా వేసుకుంటాడు. రోగికి ఆ వీలు లేదు.

అవతలి పక్షానికీ న్యాయం ఉంది. సొంత గనులు లేని విశాఖ ఉక్కు కర్మాగారానికి ఖనిజం వచ్చేది ఈ దారినే. ఓడరేవుకు పోయే సరుకూ ఇదే దారి పడుతుంది. దీనిని ఒంటి పట్టాగా నిర్మించినందువల్ల ఎదురెదురు బండ్లు స్టేషన్లలోనే తప్పుకోవలసి వచ్చేది. ఈ ఇబ్బంది తీర్చడానికి 2010వ దశకం మధ్యలో రెండవ పట్టా మంజూరై, పనులు దశలవారీగా సాగుతున్నాయి. కొత్త పట్టాకు కొత్త సొరంగాలు తొలవాలి. వదులైన కొండవాలును మళ్ళీ కోయాలి.

రెండవ పట్టా పడని చోట పాత ఏర్పాటే నడుస్తున్నది. ప్రయాణికుల బండి లూప్ లైనులో ఆగుతుంది. గాజు పెట్టెలోని వారు కెమెరాలు సవరించుకుంటారు. కొండచీపుళ్ళ కట్టలతో దిగిన స్త్రీలు వేదిక మీద నీడ చూసుకొని కూర్చుంటారు. కొంతసేపటికి సొరంగం నోట ఇంజన్ల కూత వినిపిస్తుంది. ఎర్రని ధూళి కప్పిన వ్యాగన్లు ఒకదాని వెంట ఒకటి, నెమ్మదిగా, సముద్రం వైపు దిగిపోతాయి.